కర్ర మీద పేరు: లూయీవిల్ బ్యాట్ల ఫ్యాక్టరీకి కుటుంబంతో

అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాలకు ప్రతి వేసవిలో ఒకటే ప్రశ్న. ఊరి నుంచి అబ్బా, అమ్మీ వస్తారు. వాళ్లకి ఏం చూపించాలి? మొదటిసారి నయాగరా, రెండోసారి న్యూయార్క్, వాషింగ్టన్. మూడోసారి వచ్చేసరికి మాల్స్, పార్కులే మిగులుతాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంట్లోనే ఉంటుంది. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం రాదు. దాదా పక్కన కూర్చుని సలాం చెప్పి, "బాగున్నారా" అని అడిగాక ఇక మాటలు అయిపోతాయి. ఇద్దరూ టీవీ చూస్తూ ఉంటారు.

పోయిన వేసవిలో మేము సిన్సినాటి నుంచి కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ వెళ్లాం. కారులో రెండు గంటల లోపు ప్రయాణం. అబ్బాకి ముహమ్మద్ అలీ పుట్టిన ఊరు చూడాలని చాలా కాలంగా కోరిక. మా పన్నెండేళ్ల అబ్బాయికి మాత్రం అక్కడి బేస్‌బాల్ బ్యాట్ల ఫ్యాక్టరీ కావాలి. రెండూ ఒకదానికొకటి రెండు మూడు వీధుల దూరంలోనే ఉన్నాయని తెలిసి ఒకే రోజులో పెట్టుకున్నాం. పొద్దున బ్యాట్లు, మధ్యాహ్నం అలీ.

బ్యాట్ల ఫ్యాక్టరీలో దాదాకి ఏం తోస్తుందిలే అనుకున్నాను. కానీ ఆయన గుంటూరులో ముప్పై ఏళ్లు టింబర్ డిపోలో పనిచేశారన్న సంగతి నాకు ఆ ఉదయం గుర్తే రాలేదు.

గోడకి ఆనించిన బ్యాట్

వెస్ట్ మెయిన్ స్ట్రీట్‌లోకి కారు తిప్పగానే ఒక పెద్ద బ్యాట్ కనిపిస్తుంది. భవనం గోడకి ఎవరో ఆడి అలసిపోయి ఆనించి వెళ్లినట్టు ఉంటుంది. ఎత్తు 120 అడుగులు, బరువు 68,000 పౌండ్లు, అంటే 30 టన్నుల పైనే. చూడ్డానికి కర్రలా ఉన్నా అది ఉక్కు. బేబ్ రూత్ అనే పాతకాలపు మహా ఆటగాడు వాడిన 34 అంగుళాల బ్యాట్‌ని చూసి, అదే ఆకారాన్ని పెద్దది చేసి కట్టారు.

ఇదే లూయీవిల్ స్లగ్గర్ మ్యూజియం, ఫ్యాక్టరీ. ఇక్కడ తెరిచింది 1996లో. ముందు మ్యూజియం, వెనక నిజంగా పని జరిగే కర్మాగారం. బొమ్మ ఫ్యాక్టరీ కాదు. అమెరికా పెద్ద లీగుల్లో ఆడే వాళ్లకి ఇక్కడి నుంచే బ్యాట్లు వెళ్తాయి.

క్రికెట్ తెలిసిన మన పెద్దవాళ్లకి లోపలికి వెళ్లే ముందే ఒక సంగతి చెబితే మంచిది. క్రికెట్‌లో బంతి నేల మీద పడి లేస్తుంది, బ్యాట్ ముందువైపు బల్లపరుపుగా ఉంటుంది. బేస్‌బాల్‌లో బంతి నేల తాకకుండా నేరుగా వస్తుంది, బ్యాట్ గుండ్రంగా ఉంటుంది. మన బ్యాట్‌కి మెత్తటి విల్లో కర్ర వాడతారు. ఈ బ్యాట్‌కి గట్టి కర్ర కావాలి. పెద్ద లీగుల నియమం ప్రకారం బ్యాట్ ఒకే చెక్కతో చేసినదై ఉండాలి. పొడవు 42 అంగుళాలు, లావైన చోట మందం 2.61 అంగుళాలు దాటకూడదు.

కొడుకు మాట విన్న కథ

ఈ కంపెనీ బ్యాట్లతో మొదలవలేదు. హిల్లెరిచ్ అనే జర్మన్ వలస కుటుంబానికి లూయీవిల్‌లో చెక్కపని దుకాణం ఉండేది. మెట్ల పక్కన పట్టుకునే కమ్మీలు, వసారా స్తంభాలు, వెన్న తీయడానికి ఊపే చెక్క పీపాలు చేసేవాళ్లు. ఇంటింటికీ కావలసిన సామాను, నమ్మకమైన గిరాకీ.

కంపెనీ చెప్పే కథ ఇది. 1884లో యజమాని కొడుకు బడ్ హిల్లెరిచ్‌కి పదిహేడేళ్లు. పని ఎగ్గొట్టి బేస్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్లాడు. ఊరి జట్టులో పేరున్న ఆటగాడు పీట్ బ్రౌనింగ్ ఆ రోజుల్లో సరిగా ఆడలేకపోతున్నాడు, పైగా బ్యాట్ విరిగింది. కుర్రాడు అతన్ని దుకాణానికి తీసుకొచ్చి, చేతికి సరిపోయేదాకా మళ్లీమళ్లీ చూసుకుంటూ కొత్త బ్యాట్ చెక్కి ఇచ్చాడు. మర్నాడు బ్రౌనింగ్ మూడు మంచి దెబ్బలు కొట్టాడట. ప్రతి వివరమూ ఇలాగే జరిగిందా అని చరిత్ర రాసేవాళ్లు వాదించుకుంటూనే ఉంటారు. తండ్రికి మాత్రం బ్యాట్లంటే ఇష్టం లేదు. ఆటబొమ్మల కోసం పీపాల వ్యాపారం పాడుచేసుకుంటామా అన్నది ఆయన పట్టు.

కొడుకు వదల్లేదు. 1894లో 'లూయీవిల్ స్లగ్గర్' అన్న పేరు రిజిస్టర్ అయింది. వెన్న పీపాల కాలం పోయింది, బ్యాట్లు మిగిలాయి. 1911లో ఫ్రాంక్ బ్రాడ్స్‌బీ అనే అమ్మకాల మనిషి వచ్చి చేరాడు. 1916లో కంపెనీ పేరు హిల్లెరిచ్ అండ్ బ్రాడ్స్‌బీ అయింది. 2015లో ఆ బ్రాండ్‌ని విల్సన్ కంపెనీ కొనుక్కుంది. కానీ ఈ ఫ్యాక్టరీలో చెక్క బ్యాట్లు చేసేది ఇప్పటికీ ఆ కుటుంబం కంపెనీయే.

ఈ కథ నేను తెలుగులో చెబుతుంటే అబ్బా నవ్వారు. "ఆ తండ్రిది తప్పేం కాదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా" అన్నారు.

దుంగ నుంచి బ్యాట్ దాకా

ఫ్యాక్టరీ లోపలికి గైడ్ వెంట గుంపుగా తీసుకెళ్తారు. సుమారు అరగంట. తలుపు దాటగానే రంపపు పొట్టు వాసన వచ్చింది. అబ్బా అక్కడే ఆగిపోయారు. పదేళ్ల కిందట పని మానేసిన మనిషి. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "డిపో" అన్నారు. అంతే.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. చెట్లు ఎక్కువగా పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల అడవుల నుంచి వస్తాయి. యాష్, మేపుల్, బర్చ్ అని మూడు రకాలు. దుంగల్ని చీల్చి, మూడడుగుల పైచిలుకు పొడవు, దాదాపు మూడంగుళాల మందం ఉన్న గుండ్రటి కర్రలుగా చేస్తారు. వాటిని బట్టీలో ఆరబెట్టి తేమ తీసేస్తారు. తర్వాతి పని తూకం. ఒకే కొలత ఉన్న రెండు కర్రలు ఒకే బరువు తూగవు. ఆటగాడు 34 అంగుళాల పొడవు, 32 ఔన్సుల బరువు కావాలని అడిగితే, చెక్కిన తర్వాత సరిగ్గా అంత తూగే కర్రని ముందే ఎంచుకోవాలి. 32 ఔన్సులంటే మన లెక్కలో 900 గ్రాముల పైన.

ఆ తర్వాత లేత్. మన పాత వడ్రంగులు తరిమెన అనేది ఇదే. కర్ర తిరుగుతూ ఉంటుంది, ఉలి నిలకడగా ఉంటుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది కూడా ఈ పద్ధతిలోనే. పూర్వం ఇక్కడ ఒక బ్యాట్‌ని చేత్తో తిప్పి చెక్కడానికి అరగంట దాకా పట్టేది. ఇప్పుడు కంప్యూటర్ నడిపే లేత్ అర నిమిషం అటూ ఇటూలో తేల్చేస్తుంది. మా అబ్బాయి గడియారం చూసి లెక్కపెట్టాడు. పొట్టు ఎగిరింది, చూస్తుండగానే కర్రలోంచి బ్యాట్ బయటికి వచ్చింది. రెండు చివర్లా లేత్ పట్టుకున్న ముక్కలు మిగులుతాయి, వాటిని కోసేస్తారు. కొందరు ఆటగాళ్లు బరువు తగ్గడానికి బ్యాట్ కొసని గిన్నెలా తొలిపించుకుంటారు. తర్వాత వేడి అచ్చుతో ముద్ర, ఆపైన రంగు, మెరుగు.

ఇంత యంత్రం ఉన్నా, చెక్కలోని చారల్ని అర్థం చేసుకోకపోతే బ్యాట్ నిలవదు. చార అంటే చెట్టు పెరిగిన గుర్తు. అది బ్యాట్ పొడవునా నిటారుగా పోవాలి. వంకరగా పక్కకి పోతే, గంటకి 90 మైళ్ల పైన వచ్చే బంతి తగిలినప్పుడు బ్యాట్ ఆ వంకర వెంటే చీలిపోతుంది. యాష్ కర్ర మీద చారలు కంటికే కనిపిస్తాయి. మేపుల్‌లో సరిగా కనిపించవు. అందుకే పెద్ద లీగులకి వెళ్లే మేపుల్, బర్చ్ బ్యాట్ల పిడి మీద ఒక చిన్న సిరా చుక్క పెడతారు. సిరా చెక్క పోగుల వెంట పాకుతుంది. అది ఎటు పాకిందో చూసి, చార మూడు డిగ్రీల కన్నా ఎక్కువ ఒరిగితే ఆ బ్యాట్‌ని పక్కన పెట్టేస్తారు. మేపుల్ బ్యాట్లు పెద్ద పెద్ద ముక్కలుగా విరిగి ఎగురుతున్నాయని 2008లో పరిశోధన చేయించాక వచ్చిన నియమం ఇది.

ముద్ర వేసే చోటుకీ లెక్క ఉంది. యాష్ బ్యాట్‌ని ఒక పక్క నుంచి కొడితే గట్టిగా ఉంటుంది, మేపుల్‌ని ఇంకో పక్క నుంచి. అందుకని రెండింటికీ ముద్ర వేరే వేరే వైపు వేస్తారు. ఆటగాడు ముద్ర పైకి కనిపించేలా పట్టుకుంటే చాలు, బంతి సరైన పక్కకే తగులుతుంది.

గైడ్ ఇంగ్లిష్‌లో చెప్పిన ఈ సంగతి నేను తెలుగులో చెప్పకముందే అబ్బా మనవడి చెయ్యి పట్టుకుని చూపించడం మొదలుపెట్టారు. "ఇటు చూడు బేటా. చార నిటారుగా ఉంటే కర్ర మన మాట వింటుంది. అడ్డం తిరిగిందా, ఎప్పుడో మోసం చేస్తుంది. గుమ్మానికైనా ఇంతే, దూలానికైనా ఇంతే." వాడు నా వైపు తిరిగి 'దూలం' అంటే ఏంటని అడిగాడు. ఇంటి కప్పుని మోసే పెద్ద కర్ర అని చెప్పాను. "దాదా చేసేది అదా?" అన్నాడు. పన్నెండేళ్లలో వాడు దాదా పని గురించి అడగడం అదే మొదటిసారి. చెప్పకపోవడం నా తప్పే.

చెట్లకి వచ్చిన తెగులు

ఒక శతాబ్దం పాటు బేస్‌బాల్ బ్యాట్ అంటే యాష్ కర్రే. ఇప్పుడు పెద్ద లీగుల్లో అది అరుదైపోతోంది. 2001లో బ్యారీ బాండ్స్ మేపుల్ బ్యాట్‌తో ఒకే సీజన్లో 73 హోమ్ రన్లు కొట్టి రికార్డు పెట్టాక చాలామంది మేపుల్ వైపు మళ్లారు. అది ఒక కారణం. రెండో కారణం ఒక పురుగు. ఆకుపచ్చగా మెరిసే ఈ చిన్న పురుగు పుట్టుక ఆసియాలో. అమెరికాలో 2002లో మిషిగన్ రాష్ట్రంలో మొదటిసారి గుర్తించారు. దాని పిల్లపురుగులు బెరడు కింద సొరంగాలు తవ్వి, చెట్టుకి నీరూ ఆహారమూ అందే దారుల్ని తెంచేస్తాయి. కొన్నేళ్లలో చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఇప్పటికి కోట్ల కొద్దీ యాష్ చెట్లు పోయాయి.

ఇది మనకి సంబంధం లేని విషయం కాదు. మన పిల్లలు గల్లీల్లో ఆడే బ్యాట్లలో చాలా వరకు కశ్మీర్ విల్లోవే. జమ్మూ శ్రీనగర్ రహదారి వెంట అనంతనాగ్, పుల్వామా జిల్లాల్లో ఎన్నో కశ్మీరీ ముస్లిం కుటుంబాలు ఆ పని మీదే బతుకుతున్నాయి. అక్కడా విల్లో చెట్లు తగ్గిపోతున్నాయి. త్వరగా డబ్బు వచ్చే పాప్లర్ చెట్లు వాటి చోటుని ఆక్రమించాయి. చెట్టు పోతే దాని మీద ఆధారపడ్డ చేతిపని కూడా పోతుంది. అక్కడ పురుగు, ఇక్కడ మార్కెట్. నష్టం ఒకటే.

ఎవరి పేరు?

మ్యూజియం భాగంలో ఎక్కడ చూసినా సంతకాలే. 1905లో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడు తన సంతకాన్ని బ్యాట్ మీద వాడుకోవడానికి కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆటగాళ్లు వస్తువులకి పేరు అరువివ్వడం అనే అలవాటుకి తొలి మెట్లలో అదొకటి. ఇవాళ క్రికెటర్ల బ్యాట్ల మీద కనిపించే స్టిక్కర్లన్నీ ఆ దారిలో వచ్చినవే. ఇక్కడ బ్యాట్ నమూనాల పేర్లు కూడా మనుషుల పేర్లతోనే ఉంటాయి. ఇంటి పేరులోని మొదటి అక్షరం, పక్కన ఒక అంకె. బేబ్ రూత్ నమూనా 'ఆర్ 43'. ఆయన 1927లో వాడిన ఒక బ్యాట్ అద్దాల పెట్టెలో ఉంది. కొట్టిన ప్రతి హోమ్ రన్‌కీ ముద్ర చుట్టూ ఒక గాటు పెట్టుకున్నాడు. మొత్తం 21 గాట్లు. ఆ ఏడాది ఆయన కొట్టినవి 60.

ఒక చోట తొడుగులు ఇచ్చి, పాత ఆటగాళ్లు నిజంగా ఆడిన బ్యాట్లని చేత్తో పట్టుకోనిస్తారు. మా వాడు గాల్లో ఊపి ఫొటో దిగాడు. అబ్బా మాత్రం ఊపలేదు. కంటి ఎదురుగా పెట్టుకుని చారల వెంట చూపు పోనిచ్చారు. "మంచి చెట్టు" అని, కాసేపాగి, "కోసినవాడి పేరు ఎక్కడా లేదు" అన్నారు. ఫిర్యాదులా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అన్నారు.

ఆయన కోసి ఇచ్చిన గుమ్మాలు, దూలాలు గుంటూరులో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో లెక్కలేదు. ఏ ఇంటి మీదా ఆయన పేరు లేదు. మా ఇంటి మీద కూడా లేదు.

రెండు వీధుల అవతల అలీ

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ముహమ్మద్ అలీ సెంటర్. 2005లో తెరిచారు. అలీ 1942 జనవరి 17న ఈ ఊళ్లోనే పుట్టారు. అప్పటి పేరు కాషియస్ క్లే. పన్నెండేళ్లప్పుడు కొత్త సైకిల్ పోయింది. దొంగని కొడతానని పోలీసుకి చెబితే, ఆ పోలీసే బాక్సింగ్ నేర్పేవాడు కావడంతో, ముందు కొట్టడం నేర్చుకో అన్నాడు. అలా మొదలైంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం, 1964లో ప్రపంచ హెవీవెయిట్ టైటిల్.

టైటిల్ గెలిచిన వెంటనే ఇస్లాం సంగతి ప్రకటించి, కొత్త పేరు పెట్టుకున్నారు. ఎన్నో పత్రికలు ఏళ్ల తరబడి ఆ పేరు రాయలేదు. 1967 ఫిబ్రవరిలో ఎర్నీ టెరెల్‌తో పోటీకి ముందు అతను పాత పేరుతోనే పిలిచాడు. అలీ రింగులో దెబ్బ దెబ్బకీ తన పేరేంటో చెప్పమని అడిగారు. అదే ఏడాది వియత్నాం యుద్ధానికి వెళ్లనని చెప్పి టైటిల్ పోగొట్టుకున్నారు. మూడేళ్ల పైన రింగుకి దూరంగా ఉన్నారు. 1971లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. 2016 జూన్‌లో ఆయన చనిపోతే ఈ ఊళ్లోనే వేలమందితో జనాజా నమాజు జరిగింది. 2019 నుంచి ఊరి విమానాశ్రయానికి ఆయన పేరే. ఒకప్పుడు రాయడానికి ఇష్టపడని పేరుని ఇప్పుడు ఊరే విమానాశ్రయానికి పెట్టుకుంది.

మా వాడి బడిలోనూ పేరు గొడవ ఉంది. పిలవడానికి కష్టంగా ఉందని స్నేహితులు కుదించి పిలుస్తారు, వాడూ సర్దుకుపోయాడు. టెరెల్ ఫొటో ముందు వాడు చాలాసేపు నిలబడ్డాడు. నేనేం అడగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి

వారపు రోజుల్లో వెళ్లండి. సెలవు రోజుల్లో యంత్రాలు ఆగి ఉంటే అసలు సంగతి కనిపించదు. ఆ రోజు తయారీ ఉందో లేదో ముందే కనుక్కోండి. లోపల యంత్రాల చప్పుడు ఎక్కువ. పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి ముందే చెప్పండి. పెద్దవాళ్ల కోసం ఒకరు పక్కనుండి తెలుగులోనో ఉర్దూలోనో చెబుతూ ఉండాలి, లేకపోతే వాళ్లకి చప్పుడే మిగులుతుంది.

టూర్ అయ్యాక ప్రతి ఒక్కరికీ చిన్న బ్యాట్ ఉచితంగా ఇస్తారు. విమానంలో వచ్చినవాళ్లు దాన్ని చేతి సంచిలో పెట్టుకోకండి, తనిఖీ దగ్గర ఆపేస్తారు. చెక్ ఇన్ సామానులోనే వేయాలి.

నమాజుకి ఓహియో నది ఒడ్డున వాటర్‌ఫ్రంట్ పార్కు ఉంది. పచ్చికలో జానమాజు పరుచుకోవచ్చు. శుక్రవారమైతే ఊళ్లోని ఏదో ఒక మసీదులో జుమా టైం చూసుకుని బయలుదేరండి. బోస్నియా, సోమాలియాల నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి హలాల్ తిండి వెతుక్కుంటే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. ఇదే వీధిలో బర్బన్ విస్కీ తయారీ చూపించే చోట్లూ ఉన్నాయి. నాలుగైదు చోట్లకి కలిపి టికెట్ కొనేటప్పుడు అందులో ఏమేం ఉన్నాయో చదువుకోండి.

చివరగా దుకాణం. ఇక్కడ మనకి కావలసిన పేరుతో బ్యాట్ చేయించుకోవచ్చు. మా వాడు నెల రోజులుగా దానికోసం డబ్బు దాచుకున్నాడు. కౌంటర్ దగ్గర కాగితం మీద పేరు రాసి ఇవ్వమంటే వాడు నా వైపు చూసి, "దాదా పేరు స్పెల్లింగ్ ఏంటి?" అని అడిగాడు. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. నేను చెప్పాను, వాడు రాశాడు. ఒక్క అక్షరం కూడా కుదించలేదు.

అబ్బా దాన్ని తీసుకుని మొదట పేరు చూడలేదు. వెలుతురు వైపు తిప్పి చార చూశారు. నిటారుగానే ఉంది. సెప్టెంబర్‌లో ఊరికి వెళ్లేటప్పుడు లుంగీలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నారు. ఇప్పుడు గుంటూరులో మా ఇంటి వీధి గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది. వచ్చినవాళ్లంతా అడుగుతారట. ఆదివారం ఫోన్లో మనవడికి అదే చెబుతారు, ఈ వారం ఎవరు వచ్చి ఏం అడిగారో. పావుగంట మాట్లాడుకుంటున్నారు. తెలుగులోనే.